అరుగు మీద కబుర్లు: తల లేని గుర్రం

ఈ నెల ఆటల సంగతి వ్రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాం. ఇచ్చిన మాట తప్పరాదు గదా! క్రికెట్టు సంగతి వ్రాస్తామని కొందరు, కోలారు బంగారు గనులవారి హాకీ సంగతి వ్రాస్తామని మరికొందరు అనుకొని వుండవచ్చును. మేము వ్రాయబోయేది ఆ రెండూ కాదు. మన శ్రీనివాసపురంలో ఏ వాకిట్లోనూ కనబడని ఒక గుర్రం సంగతి. దానికి తల లేదు, తోక లేదు. గడ్డి వేయనక్కరలేదు, నీళ్ళు పెట్టనక్కరలేదు. అయినా దానిమీద నిలద్రొక్కుకోవడం ప్రపంచంలో బహు కొద్దిమందికే చేతనవును.

ఆ గుర్రాన్ని మా ఇంటిల్లిపాదీ కూర్చొని చూచింది 2024 ఆగస్టు 3వ తేదీ, శనివారం రాత్రి. తేదీ ఇంత కచ్చితంగా జ్ఞాపకం వుండటానికి కారణం వేరే వున్నది. అది చివర మనవి చేసుకుంటాం.

మామిడి సీజను ముగిసి, మండీలు ఖాళీ అయిన రోజులు. సన్నగా తుంపర పడుతున్నది. టీవీలో పారిస్ ఒలింపిక్ పోటీలు వస్తున్నవి. మా అమ్మ మంచం మీద కూర్చొని వక్కలు కత్తిరించుకుంటూ చూస్తున్నది. తెల్లబట్టలు వేసుకున్న ఒక యువకుడు చేతులకు సున్నంలాంటి పొడి రుద్దుకొని, ఎత్తయిన దిమ్మెలాంటి దాని దగ్గరకు వచ్చాడు.

"అదేందప్పా?" అన్నది అమ్మ.

"గుర్రం అమ్మా" అన్నాం.

"ఇదేం గుర్రమప్పా! తలకాయ లేదు, తోక లేదు. దీని మీద ఎక్కి ఆ పిల్లోడు ఎక్కడికి పోతాడంట?"

"ఎక్కడికీ పోడు. ఉన్నచోటనే గిరగిరా తిరుగుతాడు."

"అయితే నీ ఆఫీసు మాదిరే అను" అన్నది అమ్మ. మా ఇంటావిడ వంటింట్లోంచి నవ్వింది. మేము నవ్వలేదు గాని, మాటలో అబద్ధం మాత్రం లేదు.

ఇంతకూ ఆ గుర్రాన్ని ఇంగ్లీషువారు పామెల్ హార్స్ అంటారు. పామెల్ అంటే గుర్రపు జీనుకు ముందరివైపున లేచి వుండే పిడి. ఈ చెక్కగుర్రం నడిమిన అటువంటి పిడులు రెండు వుంటాయి. గుర్రం పొడవు 160 సెంటీమీటర్లు, వెడల్పు 35 సెంటీమీటర్లు, నేలనుంచి ఎత్తు 115 సెంటీమీటర్లు. పిడులు దానిమీద మరో 12 సెంటీమీటర్లు లేచి వుంటాయి. మన ఇళ్ళలో గోడవార వేసుకొనే బెంచీని తీసుకొని, రొమ్ము దాకా ఎత్తి నిలబెట్టి, పైన తోలు కప్పితే ఎలా వుంటుందో అలా వుంటుంది.

మగవారి జిమ్నాస్టిక్సులో ఆరు సాధనాలు. నేలమీద చేసేది, ఈ గుర్రం, వేలాడే రింగులు, దూకే బల్ల, జోడు బద్దెలు, ఒంటి బద్దె. మిగతా వాటిలో కొన్నింటిలో ఎక్కడో ఒకచోట నిలిచి ఊపిరి తీసుకొనే వీలున్నది. నేలమీద మూలకు వచ్చినప్పుడు ఒక క్షణం నిలబడవచ్చును. రింగుల మీద కదలకుండా నిలవడమే గొప్ప. గుర్రం మీద మాత్రం ఆగరాదు. ఎక్కింది మొదలు దిగేదాకా కాళ్ళు తిరుగుతూనే వుండాలి. చేతులు తప్ప ఒళ్ళు ఎక్కడా గుర్రానికి తగలరాదు. కాలు రాచుకున్నా మార్కులు పోతాయి. నడుమనే వుండిపోతానంటే కుదరదు. ఈ చివరనుంచి ఆ చివరదాకా గుర్రమంతా వాడుకోవాలి.

ఇందులో ముఖ్యమైన విద్య రెండు కాళ్ళూ జోడించి తిరగలిలాగా త్రిప్పడం. మన అవ్వలు రాగులు విసరటం చూచినవారికి దీన్ని వివరించనక్కరలేదు. తిరగలికి నడిమిన ఇనుప మేకు ఎట్లాగో, ఇక్కడ మనిషి చేయి అట్లా. తేడా ఏమిటంటే తిరగలి మేకు కదలదు. ఇక్కడ కాళ్ళు కుడివైపు వచ్చినప్పుడు కుడిచేయి లేపి దారి ఇవ్వాలి, ఎడమవైపు వచ్చినప్పుడు ఎడమచేయి లేపాలి. ఒళ్ళు బరువంతా ఒకసారి ఈ మణికట్టు మీద, ఒకసారి ఆ మణికట్టు మీద. లేపిన చేయి మళ్ళీ దాని చోటికి వచ్చి పడటంలో అంగుళం తేడా వస్తే ఆ తరువాతి చుట్టు వంకర. ఆ వంకర సర్దుకొనేలోగా ఇంకొక చుట్టు వచ్చి పడుతుంది. బలం చాలదనిగాదు, తప్పు సర్దుకొనే వ్యవధి లేకనే ఇక్కడ ఎక్కువమంది పడతారు.

కాళ్ళు రెండువైపులా వేసి కత్తెరలాగా ఆడించడం మరొక విద్య. కాళ్ళు బాగా చాచి విసనకర్రలాగా త్రిప్పడం ఇంకొకటి. దానికి 1970ల నాటి అమెరికా ఆటగాడు కర్ట్ థామస్ పేరు పెట్టారు. 1976లోనూ, 1980లోనూ ఈ గుర్రం మీద ఒలింపిక్ స్వర్ణం గెలిచిన హంగరీ దేశస్థుడు జోల్తాన్ మగ్యార్ కాళ్ళు త్రిప్పుకుంటూనే గుర్రం పొడుగునా ఈ కొసనుంచి ఆ కొసకు నడిచాడు. చేతులతో సుమండీ! ఆ నడకకు నేటికీ ఆయన పేరే. మన పెద్దలు పిల్లలకు తాతల పేర్లు పెట్టుకున్నట్లు, వారు విన్యాసాలకు పేర్లు పెట్టుకుంటారు.

ఈ గుర్రం ఎక్కడ పుట్టింది? పూర్వం రోమను సైనికులు నిజం గుర్రమెక్కే ముందు చెక్కగుర్రం మీద ఎక్కడం, దిగడం అభ్యాసం చేసేవారట. వెజీషియస్ అనే రోమను రచయిత ఆ సంగతి వ్రాసి పెట్టాడు. 1811లో ఫ్రీడ్రిక్ లూడ్విగ్ యాన్ అనే జర్మనీ ఉపాధ్యాయుడు బెర్లిన్ పట్టణం వెలుపల బయలులో వ్యాయామశాల పెట్టాడు. అక్కడినుంచి ఈ సాధనాలు బడులకు ప్రాకాయి. గుర్రానికి తల, తోక ఊడిపోయినా ఇప్పటికీ దాని భాగాలను మెడ, జీను, పిరుదు అనే పిలుస్తారు. 1896లో ఏథెన్సులో తొలి ఒలింపిక్ పోటీలు జరిగినప్పుడే ఇది వున్నది. స్విట్జర్లాండుకు చెందిన లూయీ జుట్టర్ గెలిచాడు.

ఇదంతా పరాయి దేశాల సంగతి గదా, మన కోలారు సీమకూ దీనికీ ఏమి సంబంధం అంటారేమో. చెక్కగుర్రం లేకపోయినా మనకు గరిడీలు వుండేవి, తాలింఖానాలు వుండేవి. మల్లఖంభం మీద మనవారు చేసిన విన్యాసాలు ఈ గుర్రపు విన్యాసాలకు తీసిపోయేవి కావు. వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడుగారి పేరు తెలుగువారికి చెప్పవలెనా! మన కోలారు జిల్లా దేవరాయసముద్రంలో పుట్టిన కె. వి. అయ్యరుగారు బెంగుళూరులో హెర్క్యులెస్ వ్యాయామశాల పెట్టి ఎందరికో కండలు పెంచారు. కండలు పెంచిన చేతితోనే కన్నడంలో "రూపదర్శి", "శాంతల" నవలలు వ్రాశారు. అంచేత వ్యాయామం చేసేవాడికి చదువు రాదనీ, చదివేవాడికి వ్యాయామం వద్దనీ మన ఇళ్ళలో అనుకొనే మాటకు మన జిల్లాలోనే జవాబున్నది.

ఒలింపిక్ జిమ్నాస్టిక్సులో మన దేశం నుంచి 1952లో ఇద్దరు, 1956లో ముగ్గురు, 1964లో ఆరుగురు పాల్గొన్నారు. తరువాత 52 సంవత్సరాలు ఎవరూ పోలేదు. 2016లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ పోయి దూకే బల్ల మీద నాలుగో స్థానంలో నిలిచింది. మన తెలుగు పిల్ల, హైదరాబాదు అరుణా బుద్దా రెడ్డి, 2018లో మెల్బోర్నులో జరిగిన ప్రపంచ కప్పు పోటీలో అదే బల్ల మీద కంచు పతకం తెచ్చింది. ప్రపంచ కప్పు జిమ్నాస్టిక్సులో విడిగా పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమెయే. ఆ బల్ల మాత్రం పరాయిదా? 2001 వరకు అదీ గుర్రమే. పిడులు తీసేసిన ఈ గుర్రం మీదుగానే ఆడపిల్లలు, మగపిల్లలు దూకేవారు. తరువాత ప్రమాదం తగ్గించడానికి బల్లగా మార్చారు. అంటే అరుణ ఈ గుర్రానికి దాయాది మీద గెలిచిందన్నమాట.

నలభయి దాటిన మాబోటివారికి బాగా నచ్చే మనిషి ఒకడున్నాడు. ఫిన్లండు దేశస్థుడు, హెయికీ సావొలాయినెన్. వృత్తి డాక్టరు. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్సులో ఈ గుర్రం మీద కంచు పతకం గెలిచాడు. తరువాత 1932, 1936. ఆ పైన యుద్ధం వచ్చి రెండు ఒలింపిక్సులు జరుగలేదు. ఇంకొకడైతే గుర్రాన్ని మరచిపోయి రోగుల నాడి చూచుకుంటూ వుండిపోయేవాడు. ఈయన 1948లో లండనుకు వచ్చాడు. అప్పటికి వయస్సు నలభై. గుర్రమెక్కాడు. ఆయనకూ, ఆయన దేశస్థులే అయిన పావొ ఆల్టొనెన్, వెయికో హుహ్తానెన్‌లకూ సరిసమానంగా 38.7 చొప్పున వచ్చాయి. ముగ్గురికీ బంగారమే ఇచ్చారు. కంచునుంచి బంగారానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1952లో హెల్సింకీలో ఒలింపిక్సు జరిగినప్పుడు క్రీడాకారులందరి తరపున ప్రమాణం చేసింది, నలభైనాలుగేళ్ళ ఈ డాక్టరే.

ఇప్పుడు సాధారణంగా అట్లా పంచి ఇవ్వడం లేదు. 2012లో మళ్ళీ లండనులోనే హంగరీ బెర్కీకీ, ఇంగ్లండు లూయీ స్మిత్‌కూ 16.066 చొప్పున సమానంగా వస్తే, విన్యాసం శుభ్రంగా చేసినవాడెవడని లెక్క తీసి బెర్కీకి బంగారం, స్మిత్‌కు వెండి ఇచ్చారు. మార్కుల లోకం ఎక్కడైనా ఒకటే!

మార్కులంటే జ్ఞాపకం వచ్చింది. ఈ ఆటలో పడిపోతే ఎంత పోతుందో తెలుసునా? ఒక మార్కు. ఒక్కటే. క్రింద పడినవాడు లేచి, చేతులకు పొడి రాచుకొని, మళ్ళీ ఎక్కి మిగతాది పూర్తి చేయవచ్చును. చేసినదానికి చేసినంత లెక్క కడతారు. అయితే ఆ ఒక్కటి తక్కువ అనుకోరాదు. పారిస్‌లో మొదటివాడికీ, మూడోవాడికీ మధ్య తేడా కాలు మార్కు కూడా లేదు. పడినవాడికి ఆ రోజు పతకం పోయినట్లే. కాని ఆట మాత్రం పోదు.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాం. ఫైనలులో ఎనిమిదిమంది. అమెరికా యువకుడు స్టీఫెన్ నెడొరొసిక్ కళ్ళజోడు పెట్టుకొని కూర్చొని వున్నాడు. తన వంతు రాగానే దాన్ని తీసి పెట్టి వచ్చాడు. అతని కళ్ళకు పుట్టుకనుంచీ లోపం వున్నది. చూపుతో కాదు, చేతుల స్పర్శతోనే చేస్తాడు. "కళ్ళు కనబడని పిల్లోణ్ణి ఎక్కించినారే!" అని మా అమ్మ కంగారుపడింది. అతనికి కంచు వచ్చింది, 15.300. కజకిస్తాను కుర్బానొవ్‌కు వెండి, 15.433. ఐర్లండు యువకుడు రీస్ మెక్లెనగన్ 15.533తో బంగారం గెలిచాడు. ఐర్లండుకు జిమ్నాస్టిక్సులో అది మొట్టమొదటి ఒలింపిక్ పతకం. దిగి నిలబడగానే అతని ముఖం చూడవలసిందే.

అప్పటిదాకా మా పెద్దవాడు ద్వారబంధానికి ఆనుకొని, ఒళ్ళో లెక్కల పుస్తకం పెట్టుకొని కూర్చున్నాడు. పుస్తకం తెరిచే వున్నది గాని పేజీ తిరగలేదు. వాడు మెల్లగా అన్నాడు: "అవ్వా, ఈయన పోయిన ఒలింపిక్సులో పడిపోయినాడు. టోక్యోలో. మొదట్లోనే పడినాడు. మళ్ళీ ఎక్కి అంతా చేసినాడు. ఏడో స్థానం వచ్చింది."

అది నిజమే. 2021 ఆగస్టులో సంగతి. ఆ తరువాత అతను 2022లోనూ, 2023లోనూ ప్రపంచ విజేత అయ్యాడు. మా వాడు ఇదంతా ఫోనులో చదువుకొని వున్నాడని మాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడ మా ఇంటి గుట్టు కొంచెం చెప్పక తప్పదు. వాడు ఆ సంవత్సరం ఎస్సెస్సెల్సీ వ్రాశాడు. మే నెలలో ఫలితాలు వచ్చిన రోజు "సైటు తెరుచుకోలేదు నాయనా" అన్నాడు. మరునాడూ అదే మాట. మూడోనాడు ఆఫీసులో మా పక్క బల్ల ఆయన తమ అమ్మాయి ఫలితం చెప్పి మిఠాయి పెట్టేదాకా మాకు అనుమానం రాలేదు. లెక్కల్లో తప్పాడు. ఆ సాయంకాలం మేము అన్న మాటలు ఇక్కడ వ్రాయం. వ్రాయదగినవి కావు. జూనులో రెండోసారి వ్రాశాడు, కొద్దిలో తప్పింది. మన రాష్ట్రంలో ఆ ఏడాది మూడు అవకాశాలు ఇచ్చారు. ఆ మూడోది ఆ ఆగస్టులోనే. అప్పటికి రెండు నెలలుగా మా ఇద్దరికీ అన్నం వేళ తప్ప మాట లేదు.

మా అమ్మ వక్కల కత్తిరి ప్రక్కన పెట్టింది. "పడినోడు లేచినాడు కదా, ఇంకేమి! మీ నాయన కూడా ఒకతూరి పడినోడే" అన్నది.

ఇల్లంతా నిశ్శబ్దం. వాడు మావైపు చూచాడు. మా ఇంటావిడ కూడా వంటింటి గడపలోకి వచ్చి చూచింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆవిడకూ తెలియదు.

చెప్పక తప్పలేదు. మేము మెట్రిక్యులేషను మొదటిసారి తప్పాం. అదీ లెక్కల్లోనే. ఫలితం రాలేదని ఇంట్లో అబద్ధం చెప్పి, మూడు రోజులు ఊరి బయట మామిడి తోపులో చెట్టు క్రింద కూర్చున్నాం. అమ్మకు ఎవరు చెప్పారో ఏమో, నాలుగోనాడు సద్ది మూటకట్టుకొని తోపులోకే వచ్చింది. ఒక్క మాట అనలేదు. తిన్నాక "పోదాం పా" అన్నది. అక్టోబరులో మళ్ళీ వ్రాసి గట్టెక్కాం. ఆ సంగతి మరి ఎవరితోనూ అనలేదు. ఇన్నేళ్ళూ మార్కుల పట్టీ బీరువాలో అడుగున పెట్టి తాళం వేసుకున్నాం.

"మరి నన్ను అన్ని మాటలన్నావే నాయనా?" అన్నాడు వాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. మా దగ్గర సమాధానం లేకపోయింది. "తప్పు నాయనా, అనకూడనివి అన్నాను" అన్నాం. ఆ మాట అనడం గుర్రమెక్కినంత పనే అయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక వేరొక మనిషిని గురించి ఆలోచించాం. 1976లో మాంట్రియల్‌లో జపాను జట్టులో షున్ ఫుజిమొటో అనే ఆటగాడున్నాడు. నేలమీద విన్యాసంలో మోకాలిచిప్ప విరిగింది. జట్టువారు ధైర్యం కోల్పోతారని ఎవరికీ చెప్పలేదు. ఆ మోకాలితోనే ఈ గుర్రమెక్కి 9.5 తెచ్చాడు. తరువాత రింగుల మీద 9.7 తెచ్చి, ఎత్తునుంచి ఆ కాలిమీదనే దిగాడు. జపానుకు జట్టు బంగారం వచ్చింది. ఈ కథ చెప్పి పిల్లలకు ధైర్యం నూరిపోసేవారు చాలామంది వున్నారు. మేమూ ఒకప్పుడు చెప్పినవారమే. ఇప్పుడు చెప్పం. పడి లేవడం వేరు, పడిన సంగతి దాచుకొని నవ్వుతూ నిలబడటం వేరు. మొదటిది నేర్పాలంటే పడిన సంగతి చెప్పుకొనే చోటు ఒకటి ఇంట్లో వుండాలి. మా ఇంట్లో ఆ చోటు మేమే లేకుండా చేశాం. వాడు రెండు రోజులు "సైటు తెరుచుకోలేదు" అన్నది లెక్కలకు భయపడి కాదు, మాకు భయపడి.

పరీక్ష ఏమయింది అని మీరు అడుగుతారు. గట్టెక్కాడు. మార్కులు మాత్రం వ్రాయవద్దన్నాడు. తక్కినదంతా వాడి అనుమతితోనే వ్రాస్తున్నాం.

సంఘం పెద్దలకు ఒక మనవి. ఏటా వార్షికోత్సవంలో మొదటి మార్కులు వచ్చిన పిల్లలను వేదిక మీదకు పిలిచి బహుమతులు ఇస్తున్నాం. మంచి పనే. దానితోబాటు రెండోసారి, మూడోసారి కూర్చొని గట్టెక్కిన పిల్లలను కూడా పిలిస్తే ఎట్లా వుంటుంది? ఒక పుస్తకం, ఒక శాలువా చాలు. ఈ మాట ఇంట్లో అంటే మా వాడు "నన్ను మాత్రం పిలిపించొద్దు నాయనా, నీకు దండం పెడతా" అన్నాడు. అదీ నిజమే. అందరిముందు నిలబెట్టడం కంటే, ఇంట్లో ప్రక్కన కూర్చోబెట్టుకోవడమే మేలేమో. పెద్దలు ఆలోచించండి.

మార్కుల పట్టీ బీరువాలోంచి తీసి వాడి చేతికిచ్చాం. చాలాసేపు చూచి, "నీకంటే నాకే రెండు మార్కులు ఎక్కువ" అన్నాడు.

వచ్చే నెల మళ్ళీ అరుగు మీద కలుసుకుందాం.